టూ ఎంబీ లైన్‌లో ఎన్ని కిలోబైట్లు? టెలికాం వేగాలు, పాత కంప్యూటర్ల లెక్కలు

టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పనిచేసేవాళ్లు ‘టూ ఎంబీ’ అని పిలిచే లైన్ అసలు వేగం సెకనుకు 20,48,000 బిట్లు. 8తో భాగిస్తే 2,56,000 బైట్లు. కిలోబైటుకు 1024 బైట్లు లెక్కపెట్టే కంప్యూటర్‌లో ఆ అంకె 250 అవుతుంది. అదే లైన్ మీద ఫైలు దించుకుంటే తెర మీద కనిపించేది 230 దగ్గర ఆగుతుంది. ఈ నాలుగు అంకెల్లో ఏదీ తప్పు కాదు. ఒక్కొక్కటీ ఒక్కో చోట, ఒక్కో కొలతతో తీసినది. ఒక ఊరి కుంచం మరో ఊరి కుంచంతో సమానం కానట్టే, టెలిఫోన్ రంగం కిలో, కంప్యూటర్ రంగం కిలో వేర్వేరుగా పెరిగాయి. పాత యంత్రాన్ని టెలికాం లైన్‌కు తగిలించేటప్పుడు వచ్చే చిక్కులు చాలావరకు అక్కడి నుంచే మొదలవుతాయి.

తీగ మీద బిట్లు ఒకదాని వెనుక ఒకటి వెళ్తాయి కాబట్టి టెలికాం వాళ్లు బిట్లనే లెక్కపెట్టారు. కంప్యూటర్ మెమరీ బైట్ల చొప్పున అమరింది కాబట్టి అక్కడ బైట్లు నిలిచాయి. బైటుకు ఎనిమిది బిట్లు అన్నది కూడా మొదటి నుంచీ ఉన్న సంగతి కాదు. టెలెక్స్ యంత్రం అక్షరానికి ఐదు బిట్లే వాడేది. కొన్ని పాత పెద్ద కంప్యూటర్లు 36 బిట్ల పదాలతో నడిచేవి. అందుకే టెలికాం ప్రమాణాల్లో ఇప్పటికీ బైటు అన్న మాట కన్నా, ఎనిమిది బిట్లని స్పష్టంగా చెప్పే ‘ఆక్టెట్’ అన్న మాటే ఎక్కువ. కిలో సంగతీ ఇంతే. లైన్ల మీద కిలో అంటే కచ్చితంగా 1000. మెమరీ 2 యొక్క ఘాతాల్లో పెరుగుతుంది గనుక అక్కడ 1024. ఈ గందరగోళం తీర్చడానికి అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో 1024కు ‘కిబి’, దాని వర్గానికి ‘మెబి’ అన్న ఉపసర్గలను ఆమోదించింది. పాత యంత్రాల మాన్యువళ్లు అంతకు ముందువి కాబట్టి వాటిలో ఆ తేడా కనిపించదు.

రెండు కిలోలూ ఒకే అంకెలో కలిసిపోయిన ఉదాహరణ మూడున్నర అంగుళాల ఫ్లాపీ. రెండు ముఖాలు, ముఖానికి 80 ట్రాకులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. మొత్తం 14,74,560 బైట్లు. దీన్ని 1024తో భాగిస్తే 1440, ఆ వచ్చినదాన్ని 1000తో భాగిస్తే 1.44. డబ్బా మీద అచ్చయిన ‘1.44 ఎంబీ’ పది లక్షల లెక్కా కాదు, 1024 వర్గం లెక్కా కాదు. మరోవైపు టూ ఎంబీ లైన్‌లోని 2048 అన్న అంకె చూడగానే కంప్యూటర్ లెక్కలా అనిపిస్తుంది. అది 32 చానళ్లను 64తో గుణిస్తే వచ్చినది. అక్కడి కిలో వెయ్యే. 64 కేబీపీఎస్ అంటే 64,000 బిట్లు, 65,536 కాదు.

ఆ 64,000 ఎక్కడిదో తెలిస్తే టెలికాం అంకెలన్నీ దారికి వస్తాయి. టెలిఫోన్ గొంతుకు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా జాగా ఇచ్చారు. పక్క చానల్‌తో ఉండే ఎడం కూడా కలిపి 4000 హెర్ట్జ్ అనుకుంటే, దానికి రెట్టింపు సార్లు, అంటే సెకనుకు 8000 సార్లు నమూనా తీయాలి. నమూనాకు 8 బిట్లు. టెలికాం ప్రపంచానికి గుండె చప్పుడు ఈ 8000. అంటే ప్రతి 125 మైక్రోసెకన్లకూ ఒక ఫ్రేమ్.

అమెరికాలో బెల్ సంస్థ 1962లో వాడుకలోకి తెచ్చిన టీ1 లైన్‌లో 24 చానళ్లు. 24ను 8తో గుణించి, ఫ్రేమ్ ఆరంభాన్ని గుర్తించడానికి ఒక బిట్ కలిపితే 193. దాన్ని 8000తో గుణిస్తే 15,44,000. ఐరోపా, భారత్ సహా ఎక్కువ దేశాలు తీసుకున్న ఈ1లో 32 టైమ్‌స్లాట్లు. సున్నా నంబరు స్లాట్ ఫ్రేమ్ గుర్తుకు, పదహారో నంబరు కాల్ సిగ్నళ్లకు పోతే మాటలకు 30 మిగులుతాయి. డేటాకే కేటాయించిన లైన్‌లో పదహారోదీ వాడుకోవచ్చు కాబట్టి 31 స్లాట్లు, అంటే 19,84,000 బిట్లు చేతికి వస్తాయి. టూ ఎంబీ లైన్‌లో మొదటి తరుగు ఇది. దేశంలో రాష్ట్రాల వారీగా పాలనా నెట్‌వర్కులు వేసిన స్వాన్ పథకంలో కనీస వేగంగా 2 మెగాబిట్లు పెట్టుకోవడం వెనుక ఉన్నది కూడా ఈ ఈ1 పరిమాణమే. టీ1లో మరో మెలిక ఉంది. కాల్ సిగ్నల్ పంపడానికి ప్రతి ఆరో ఫ్రేమ్‌లో చానల్ చివరి బిట్‌ను వాడుకుంటారు. గొంతుకు అది తెలియదు గానీ డేటా పాడవుతుంది. అందుకే ఆ బిట్‌ను నమ్మకుండా అమెరికాలో చానల్‌కు 56,000 బిట్లే లెక్కేసేవారు. అక్కడి పాత రూటర్లలో 56, ఇక్కడి రూటర్లలో 64 కనిపించడానికి కారణం అదే.

పైమెట్టుకు వెళ్లేకొద్దీ గుణకారం సరిగ్గా కుదరదు. నాలుగు ఈ1లు కలిస్తే 8.192 మెగాబిట్లు కావాలి, ఈ2 వేగం 8.448. నాలుగు ఈ2లు 33.792, ఈ3 మాత్రం 34.368. ప్రతి లైన్ క్లాక్ కొద్దిగా తేడాతో నడుస్తుంది గనుక, వెనుకబడ్డ లైన్‌కు ఖాళీ బిట్లు కూర్చి సర్దడానికి ఆ అదనపు జాగా. తర్వాత వచ్చిన ఎస్‌డీహెచ్ పద్ధతిలో క్లాక్‌లన్నీ ఒకే మూలానికి కట్టుబడి ఉండటంతో గుణకారం కుదిరింది. ఎస్‌టీఎం-1 ఫ్రేమ్‌లో 9 వరసలు, 270 నిలువు గళ్లు. 2430 బైట్లను 8తో, 8000తో గుణిస్తే 155.52 మెగాబిట్లు. ఎస్‌టీఎం-4 సరిగ్గా దానికి నాలుగింతలు, 622.08. ఎస్‌టీఎం-1లోనూ పది గళ్లు నిర్వహణకు పోయి 260 మిగులుతాయి. సరుకుకు దొరికేది 149.76 మెగాబిట్లు.

కంప్యూటర్ వైపు కథ 1960లో వచ్చిన ఆర్‌ఎస్-232 సీరియల్ ప్రమాణంతో మొదలవుతుంది. ఇక్కడ అందరూ తడబడే మాట ‘బాడ్’. ఫ్రాన్స్ టెలిగ్రాఫ్ ఇంజనీరు ఎమిల్ బోడో పేరు మీద వచ్చిన ఈ కొలత, తీగ మీద సంకేతం సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెబుతుంది. మార్పుకు ఒక్క బిట్ మోసే తీగలో బాడ్, బిట్ ఒకటే. కంప్యూటర్ వెనుక సీరియల్ పోర్టులో జరిగేది అదే. టెలిఫోన్ మోడెమ్‌లో అలా కాదు. వి.22బిస్ మోడెమ్ 600 బాడ్‌లోనే 2400 బిట్లు పంపుతుంది. వి.32 మోడెమ్ 2400 బాడ్‌లో 9600 బిట్లు పంపుతుంది. ‘9600 బాడ్ మోడెమ్’ అన్న మాట కేటలాగుల్లో ఎంత వాడుకైనా సరైనది కాదు.

సీరియల్ పోర్టులో 8తో భాగించడం కూడా తప్పే. అక్కడ రెండు వైపులా ఒకే క్లాక్ ఉండదు. ప్రతి బైటుకూ ముందు ఒక స్టార్ట్ బిట్, వెనుక ఒక స్టాప్ బిట్ తగిలించి, బైటు బైటుకూ కొత్తగా కాలం కలుపుకుంటారు. బైటుకు పది బిట్లు పడతాయి కాబట్టి 9600 అంటే 960 బైట్లు. పాత మోడల్ 33 టెలిటైప్ రెండు స్టాప్ బిట్లు వాడేది గనుక అక్షరానికి 11 బిట్లు, 110 బాడ్‌కు సెకనుకు పది అక్షరాలు. టెలెక్స్ 50 బాడ్ మీద అక్షరానికి ఏడున్నర బిట్ల చొప్పున నిమిషానికి 400 అక్షరాలు కొట్టేది. పాత యంత్రం సెట్టింగులో డేటా బిట్లు, పారిటీ, స్టాప్ బిట్లు ఎన్నో చూడకుండా వేగం మార్చే లెక్క మొదలుపెట్టకూడదు.

పీసీలో ఈ వేగాలన్నీ ఒక్క క్రిస్టల్ నుంచి పుడతాయి. 18,43,200 హెర్ట్జ్ క్రిస్టల్‌ను చిప్ 16తో భాగిస్తే 1,15,200. పాత పీసీలో అదే గరిష్ఠం. 12తో మళ్లీ భాగిస్తే 9600, రెండుతో భాగిస్తే 57,600. టెలికాం వాళ్ల 64,000 మాత్రం ఏ పూర్ణాంకంతో భాగించినా రాదు. 8000 మీద కట్టిన టెలికాం వేగాలు, 300 మీద కట్టిన సీరియల్ వేగాలు సూటిగా కలవవు. డిజిటల్ టెలిఫోన్ పద్ధతి అయిన ఐఎస్‌డీఎన్‌లో ఈ రెంటినీ కలపడానికే వి.110 అన్న పద్ధతి పుట్టింది. 9600 బిట్లను 80 బిట్ల చిన్న ఫ్రేమ్‌లలో సర్ది 16,000 చేస్తుంది, 19,200ను 32,000 చేస్తుంది, ఆ తర్వాత మిగతా జాగాను నింపి 64,000 చానల్‌లో కూర్చోబెడుతుంది. 64 కిలోబిట్ల చానల్ తీసుకుని అందులో 9.6 కిలోబిట్ల సరుకు పంపడం వృథాగా కనిపిస్తుంది గానీ, పాత టెర్మినల్‌ను మార్చకుండా కొత్త నెట్‌వర్క్‌లోకి తేవడానికి అది అచ్చంగా పనికొచ్చిన ఉపాయం.

వేగం కుదిరినంత మాత్రాన యంత్రం అందుకోగలదన్న హామీ లేదు. 1981 నాటి ఐబీఎం పీసీతో వచ్చిన 8250 చిప్ అందుకున్న బైట్లలో ఒక్కదాన్నే పట్టి ఉంచుతుంది. 1,15,200 వేగంలో ప్రతి 87 మైక్రోసెకన్లకూ ఒక కొత్త బైటు దిగుతుంది. ఆలోపు ప్రాసెసర్ వచ్చి పాత బైటు తీసుకెళ్లకపోతే అది చెరిగిపోతుంది. తర్వాతి 16550ఏ చిప్‌లో 16 బైట్ల వరస ఉంది. 14 బైట్లు నిండగానే పిలుపు పంపేలా పెడితే ప్రాసెసర్‌కు దాదాపు 260 మైక్రోసెకన్ల వెసులుబాటు దొరుకుతుంది, పిలుపుల సంఖ్య కూడా పద్నాలుగో వంతుకు పడిపోతుంది. విండోస్ నడిచే 486 యంత్రంలో మోడెమ్ 28,800 మీద తడబడుతుంటే లైన్‌ను అనుమానించే ముందు చూడాల్సింది ఈ చిప్‌నే.

మోడెమ్ దగ్గర లెక్క మరో మలుపు తిరుగుతుంది. వి.42 దోష సవరణ ఉన్న మోడెమ్‌లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు స్టార్ట్, స్టాప్ బిట్లు తీసేస్తాయి. కాబట్టి 28,800 లైన్ మీద 2880 కాదు, 3600 బైట్లకు దగ్గరగా పోతాయి. వి.42బిస్ కుదింపు తోడైతే మామూలు అక్షరాల ఫైళ్లు ఇంకా వేగంగా వెళ్తాయి. కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య వేగం 28,800గానే ఉంచితే ఈ లాభమంతా పోతుంది. అందుకే పోర్టును 1,15,200 మీద పెట్టి, మోడెమ్ నిండినప్పుడు ఆపమని చెప్పే ఆర్‌టీఎస్, సీటీఎస్ తీగలను వాడతారు. ఒకే తీగ దారిలో మూడు వేగాలన్నమాట: పోర్టుది, లైన్‌ది, కుదింపు విప్పాక ఫైలుది. సెట్టింగుల పెట్టెలో కనిపించేది మొదటిది మాత్రమే.

ఆర్‌ఎస్-232 ప్రమాణం హామీ ఇచ్చింది 20,000 బిట్ల దాకానే. ఈ1 లైన్ దానికి అందదు. లైన్ కోయాక్సియల్ తీగ మీద జి.703 రూపంలో వచ్చి ఒక కన్వర్టర్ డబ్బాలోకి దిగుతుంది. అక్కడి నుంచి 34 పిన్నుల బరువైన వి.35 కనెక్టర్‌తో రూటర్‌కు వెళ్తుంది. ఈ జాగాలో ప్రశ్న వేగం కాదు, క్లాక్ ఎవరిది అన్నది. సీరియల్ పోర్టు ప్రతి బైటుకూ కాలం సరిచూసుకుంటుంది కాబట్టి ఒకటి రెండు శాతం తేడానైనా ఓర్చుకుంటుంది. ఈ1కు అనుమతించిన తేడా పది లక్షలకు 50 వంతులు. రూటర్ లైన్ క్లాక్‌ను తీసుకోకుండా సొంత క్లాక్‌తో పంపుతోందనీ, తేడా సరిగ్గా ఆ 50 అనీ అనుకుంటే, సెకనుకు 102.4 బిట్లు ఎక్కువో తక్కువో అవుతాయి. ఫ్రేమ్‌లో 256 బిట్లు గనుక రెండున్నర సెకన్లకొకసారి ఒక ఫ్రేమ్ జారిపోతుంది. ఫోన్‌లో అది చిన్న టిక్కు శబ్దం. డేటాలో ప్రతిసారీ ఒక ప్యాకెట్ పాడవుతుంది. లైన్ ‘అప్’ అని చూపిస్తూనే తప్పుల లెక్క పెరుగుతూ ఉంటే మొదట అనుమానించాల్సింది క్లాక్ సెట్టింగునే. మంచి అణు గడియారాలకు కట్టిన రెండు జాతీయ నెట్‌వర్కుల మధ్య ఇలాంటి జారుడు 70 రోజులకొకటి అవుతుంది.

తర్వాత వచ్చేది ప్యాకెట్లకు పడే తరుగు. ధాన్యం తూకంలో తేమకు, తాలుకు తరుగు తీసినట్టే ప్రతి పొరా తన వంతు తీసుకుంటుంది. ఈ1 మీద ప్యాకెట్లను మోసే పీపీపీ పద్ధతి నడిస్తే ప్యాకెట్‌కు దాదాపు 8 బైట్లు తగులుతాయి. ఫ్రేమ్ సరిహద్దు గుర్తులో వరసగా ఆరు ఒకట్లు ఉంటాయి గనుక, సరుకులో అది పొరపాటున రాకుండా ఐదు ఒకట్ల తర్వాత ఒక సున్నా చొప్పిస్తారు. మామూలు డేటాలో ఇది సగటున 62 బిట్లకు ఒకటి, అంటే 1.6 శాతం. ఒకట్లు తప్ప ఏమీ లేని డేటా అయితే 20 శాతం. ఐపీ, టీసీపీ తలకట్లు 40 బైట్లు. 1500 బైట్ల ప్యాకెట్‌లో అసలు సరుకు 1460. 19,84,000 నుంచి ఇవన్నీ తీసేస్తే సెకనుకు సుమారు 2,36,000 బైట్లు, అంటే 1024 లెక్కలో 230 కిలోబైట్లు మిగులుతాయి.

డేటాను చిన్న చిన్న సెల్‌లుగా కోసి పంపే ఏటీఎం పద్ధతి వాడే లైన్లలో తరుగు మరీ ఎక్కువ. ఏటీఎం సెల్ 53 బైట్లు, అందులో సరుకు 48. అమెరికా వైపు 64, ఐరోపా వైపు 32 కావాలని పట్టుబడితే మధ్యలో తెగిన బేరం ఆ 48. ఏడీఎస్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ఈ సెల్‌ల మీదే నడిచింది. 2004 నాటి జాతీయ బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగంగా పెట్టిన 256 కిలోబిట్లు ఇంటికొచ్చాక 32 కిలోబైట్లు అవుతుందని లెక్కేసుకున్నవాళ్లు 27 చూసి లైన్ బాగోలేదనుకున్నారు. లైన్ వేగాన్నే 256కు కట్టి ఉంచితే లెక్క ఇలా ఉంటుంది. పీపీపీఓఈ, ఏటీఎం తలకట్లన్నీ కలిసి ఒక పూర్తి ప్యాకెట్ 32 సెల్‌లు, 1696 బైట్లు అవుతుంది. అందులో ఫైలుకు చెందినవి 1452. అంటే 85.6 శాతం, సెకనుకు 27,400 బైట్లు. అందిందని చెప్పే 40 బైట్ల చిన్న ప్యాకెట్ కూడా రెండు సెల్‌లు, 106 బైట్లు తింటుంది.

ఈథర్‌నెట్ ఈ విషయంలో పొదుపరి. ముందుమాట, తలకట్టు, తనిఖీ బైట్లు, ఖాళీ ఎడం కలిపి ప్యాకెట్‌కు 38 బైట్లే తరుగు కాబట్టి, ఐపీ, టీసీపీ తలకట్లు పోయినా పెద్ద ప్యాకెట్లలో 95 శాతం సరుకే. చిన్న ప్యాకెట్లతో సంగతి వేరు. 64 బైట్ల ఫ్రేమ్‌లు 10 మెగాబిట్ల తీగ మీద సెకనుకు 14,880 వస్తాయి. పాత రూటర్ బిట్లను మోయగలిగినా, ఇన్ని ప్యాకెట్లను ఒక్కొక్కటిగా విప్పి చూడలేక చతికిలపడుతుంది.

యంత్రం లోపలికి వెళ్తే వేగాలన్నీ బైట్లలోకి మారతాయి, లైన్లతో పోలిక అక్కడ ఆసక్తిగా ఉంటుంది. పాత ఐఎస్‌ఏ బస్ 8.33 మెగాహెర్ట్జ్ మీద రెండేసి బైట్లు మోస్తుంది. ఒక్కో రవాణాకు రెండు క్లాక్‌లు పడితే సెకనుకు 83 లక్షల బైట్లు. 10 మెగాబిట్ల ఈథర్‌నెట్‌కు 12.5 లక్షల బైట్లే కావాలి గనుక హాయిగా సరిపోయింది. 100 మెగాబిట్లకు 125 లక్షలు కావాలి, సరిపోలేదు. తర్వాతి పీసీఐ బస్ 33.33 మెగాహెర్ట్జ్, నాలుగు బైట్లు, 133 మెగాబైట్లు. గిగాబిట్ ఈథర్‌నెట్ ఒక దిక్కున 125 మెగాబైట్లు. రెండు దిక్కులా నిండితే 250. ఆ బస్‌నే డిస్క్ కంట్రోలర్ కూడా పంచుకుంటుంది కాబట్టి పాత సర్వర్‌లో గిగాబిట్ కార్డు పెట్టి పూర్తి వేగం ఆశించడం కుదరదు. తొలి తరం స్కజీ డిస్కుల 5 మెగాబైట్ల వేగం 40 మెగాబిట్లకు సమానం, ఈ3 లైన్‌కు కాస్త పైన. యూఎస్‌బీ 1.1 లోని 12 మెగాబిట్లు ఐదారు ఈ1ల పాటి.

డ్రైవులను లైన్ల పక్కన పెడితే అంకెలు ఇంకా తేటపడతాయి. ఫ్లాపీ నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు ఒక ట్రాక్ చదివితే 160 చుట్లు, 32 సెకన్లు. సెకనుకు 46,080 బైట్లు. అంటే 3,68,640 బిట్లు, దాదాపు ఆరు టెలిఫోన్ చానళ్లు. అదే ఫ్లాపీని 9600 సీరియల్ పోర్టు మీద పంపితే 25 నిమిషాల 36 సెకన్లు, 64 కిలోబిట్ల చానల్‌లో తరుగు లేకుండా 184 సెకన్లు, ఈ1 మీద ఆరేడు సెకన్లు. ఈ1 దగ్గరకు వచ్చేసరికి నెమ్మది లైన్‌ది కాదు, ఫ్లాపీది. సీడీ ఒకటో వేగంలో సెకనుకు 75 సెక్టార్లు, సెక్టారుకు 2048 బైట్లు, మొత్తం 1,53,600 బైట్లు. ఇది 12,28,800 బిట్లు కాబట్టి టీ1లో కూడా పడుతుంది. 74 నిమిషాల సీడీలోని 68,19,84,000 బైట్లు 64 కిలోబిట్ల మీద ఖాళీ లేకుండా పంపినా 23 గంటల 41 నిమిషాలు, ఈ1 మీద తరుగు పోను 48 నిమిషాలు.

బస్, లైన్, డిస్క్ అన్నీ సరిపోయినా పాత సాఫ్ట్‌వేర్ అడ్డుపడే చోటు ఒకటి మిగిలింది. టీసీపీలో, అవతలి నుంచి అందిందన్న కబురు రాకుండా పంపగలిగే గరిష్ఠం మొదట్లో 65,535 బైట్లు. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. కబురు వెళ్లి రావడానికి అర సెకను పైగా, సుమారు 540 మిల్లీసెకన్లు పడుతుంది. 65,535ను 8తో గుణించి 0.54తో భాగిస్తే 9.7 లక్షల బిట్లు. ఉపగ్రహం మీద పూర్తి ఈ1 కొన్నా పాత యంత్రం ఒక్క ఫైలుకు అందులో సగమే వాడుకోగలదు. టీసీపీ ‘కిటికీ’ అని పిలిచే ఈ గరిష్ఠాన్ని పెంచే మార్గాన్ని 1992లో ప్రమాణీకరించారు. రెండు కొసల్లోని యంత్రాలూ దాన్ని ఎరిగి ఉంటేనే అది పనిచేస్తుంది.

ఇప్పుడు దిశ తిరగబడింది. తీగలన్నీ ఈథర్‌నెట్, ఫైబర్ అయిపోయాయి. పాత ఎక్స్ఛేంజీలు, సబ్‌స్టేషన్ల రక్షణ పరికరాలు, రైల్వే సిగ్నలింగ్ లాంటి చోట్ల మాత్రం ఈ1 కావాలని అడిగే పెట్టెలు ఇంకా నడుస్తున్నాయి. వాటికోసం ఈ1 ప్రవాహాన్ని ముక్కలు చేసి ప్యాకెట్లలో పంపుతారు. ఎనిమిది ఫ్రేమ్‌లు, అంటే 256 బైట్లు కలిపి ఒక ప్యాకెట్ చేస్తే సెకనుకు సరిగ్గా 1000 ప్యాకెట్లు. ఒక్కోదానికి ఐపీ 20, యూడీపీ 8, కంట్రోల్ పదం 4, ఈథర్‌నెట్ 38 బైట్లు తగిలి 326 బైట్లు అవుతాయి. 2.048 మెగాబిట్ల లైన్‌ను మోయడానికి తీగ మీద 2.608 మెగాబిట్లు కేటాయించాలి. పెద్ద ప్యాకెట్లు చేస్తే తరుగు తగ్గుతుంది, ఆలస్యం పెరుగుతుంది. ప్యాకెట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి గనుక అవతలి కొసన కొన్ని మిల్లీసెకన్ల సరుకు నిల్వ ఉంచి, వచ్చే జోరును బట్టి అసలు క్లాక్‌ను తిరిగి అంచనా కట్టి, దానితో బిట్లను బయటికి వదలాలి. ఆ అంచనాలో తేడా పది లక్షలకు 50 వంతులు దాటితే పాత పెట్టె మళ్లీ ఫ్రేమ్‌లు జార్చుకుంటుంది.